పదివేలలో నాలుగు

ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. ఊరు సోంపేట వైపు, పని విశాఖపట్నంలో. సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమ నాడు అమ్మ వండిన కోడికూర ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పండగ వెళ్లాక జనవరి 17న, ఎవరికీ చెప్పకుండా సిక్కోలు (శ్రీకాకుళం) బస్సెక్కి, రిమ్స్ అని జనం ఇప్పటికీ పిలుచుకునే పెద్దాసుపత్రిలో ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) అన్న బోర్డు వెతుక్కుంటూ వచ్చాడు. లోపల కౌన్సెలర్ ఎదురుగా ఒక కుర్చీ, బల్ల మీద ఒక క్యాలెండరు. అతను కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"నిరోధ్ వాడేనండి మేడమ్. చినగనేదు కూడా. అయినా భయమేస్తంది. మొన్న జొరం కూడా వచ్చింది. నాకేటవుద్దో సెప్పండి."

"ముందు కూర్చో బాబూ. ఎప్పుడు జరిగింది?"

"జొరమాండి? భోగి ముందు..."

"జ్వరం సంగతి తర్వాత. నువ్వు వెళ్లిందెప్పుడు?"

కాసేపు మాట రాలేదు. తర్వాత నేల చూస్తూ అన్నాడు. "డిసెంబరు 24."

ఆమె క్యాలెండరు దగ్గరికి లాక్కుంది. ఇలాంటి మనిషితో మొదటి మాట తేదీ గురించే ఉండాలి. అతను ఎవరి దగ్గరికి వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు అన్న ప్రశ్నలకు సమాధానం దొరికినా అతని రక్తంలో ఏముందో తెలియదు. ఎన్నో రోజున పరీక్ష చేశామో తెలిస్తే చాలావరకు తెలుస్తుంది. అంతకంటే ముందు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. అతను పడుతున్న భయానికి అసలు కొలత ఎంత?

కొలత ఉంది. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ వాడే అంచనాలు ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి తయారైనవి. హెచ్ఐవీ ఉండి చికిత్స తీసుకోని స్త్రీతో, కండోమ్ లేకుండా, యోని సంభోగంలో ఒక్కసారి పాల్గొన్న పురుషుడికి వైరస్ సోకే అవకాశం పదివేలలో నాలుగు. అదే పరిస్థితిలో స్త్రీకి ఎనిమిది. గుద సంభోగంలో లోపలికి తీసుకునేవారికి 138. ఒకరు వాడిన సిరంజితో ఇంకొకరు మందు ఎక్కించుకుంటే 63. వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే పదివేలలో 9,250. రక్తమార్పిడికీ సంభోగానికీ మధ్య ఇంత తేడా ఉందని మన ఊళ్లలో చాలామందికి తెలియదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి "ఎయిడ్సు అంటుకుంటుంది" అనేస్తాం. ముద్దు వల్ల, కౌగిలి వల్ల, ఒకే కంచంలో తినడం వల్ల, దోమ కుట్టడం వల్ల సోకదు.

పదివేలలో నాలుగు సగటు లెక్క. వైరస్ కొత్తగా సోకిన మొదటి వారాల్లో ఆ మనిషి రక్తంలో వైరస్ ఉధృతంగా ఉంటుంది, అప్పుడు ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇద్దరిలో ఎవరికైనా సుఖవ్యాధి పుండు ఉన్నా పెరుగుతుంది. చిన్న సంఖ్య కదా అని ధీమా పడకూడదు. పదివేలలో ఆ నలుగురిలో ఒకడికి అది మొదటిసారే అయి ఉండవచ్చు. ఏళ్ల తరబడి కండోమ్ లేకుండా తిరిగే మనిషికి ఈ చిన్న సంఖ్యే కూడుతూ కూడుతూ పెద్దదవుతుంది.

మన కుర్రాడు కండోమ్ వాడాడు. ఇప్పుడు లెక్క మారుతుంది. ఒకరికి హెచ్ఐవీ ఉండి మరొకరికి లేని జంటల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఎప్పుడూ కండోమ్ వాడతామన్న జంటల్లో వైరస్ సోకడం 80 శాతం తక్కువగా ఉంది. మిగిలిన 20 శాతం చూసి కండోమ్‌లోంచి వైరస్ కారుతోందని అనుకోకూడదు. అందులో చినిగినవి ఉన్నాయి, జారిపోయినవి ఉన్నాయి, సగంలో తొడుక్కున్నవాళ్లున్నారు, నిజంగా వాడకుండానే "వాడాం" అని చెప్పినవాళ్లూ ఉన్నారు. 1994లో ఐరోపా దేశాల జంటల మీద అచ్చయిన అధ్యయనం ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపింది. ప్రతిసారీ కండోమ్ వాడిన 124 జంటలు దాదాపు 15,000 సార్లు కలిసినా ఒక్కరికీ సోకలేదు. అప్పుడప్పుడూ వదిలేసిన 121 జంటల్లో కొందరికి సోకింది.

80 శాతాన్నే పట్టుకుని గట్టి లెక్కే వేద్దాం. పదివేలలో నాలుగు కాస్తా 12,500లో ఒకటవుతుంది. అదీ ఆమెకు వైరస్ ఉండి, మందులు వాడకుండా ఉంటేనే. ఆమెకు ఉందో లేదో అతనికి తెలియదు. అలాంటి స్త్రీలు వందమందిలో ఐదుగురికి ఉందనుకుందాం, ఇది లెక్క కోసం అనుకున్న అంకె మాత్రమే. అప్పుడు ఆ ఒక్క రాత్రి అతనికి సోకే అవకాశం రెండున్నర లక్షల్లో ఒకటి. అతను చెప్పినట్టు నిరోధ్ మొదటి నుంచి చివరిదాకా ఉండి, చినగకుండా ఉంటే ఆచరణలో ఆ అంకె ఇంకా కిందికి, దాదాపు సున్నా దాకా దిగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే అతను కనుమ నాడు అన్నం తిని ఉండేవాడు.

"అంత పల్చటి రబ్బరులోంచి వైరస్ దూరదా అండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువ. అడగవలసిన ప్రశ్నే. సిక్కోలు వాళ్లకు దీనికి జవాబు పొందూరు ఖద్దరుతో చెప్పవచ్చు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, సన్నటి నూలు వడికి, మగ్గం మీద నేసిన ఆ బట్ట ఎంత సన్ననిదైనా వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పడుగుకీ పేకకీ మధ్య సందులు కనిపిస్తాయి. నేసిన ప్రతిదానికీ సందులుంటాయి. కండోమ్‌ను ఎవరూ నెయ్యరు. రబ్బరు పాలలో అచ్చు ముంచి తీసి, ఆరబెట్టి, వేడి చేస్తారు. రబ్బరు కణాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి అతుక్కుని ఒకే పొర అవుతాయి. ఆ పొర మందం మిల్లీమీటరులో వందో వంతుల్లో ఆరేడు. హెచ్ఐవీ వైరస్ అడ్డుకొలత మిల్లీమీటరులో పదివేల వంతు. అంటే వైరస్ తన ఒంటికన్నా ఆరేడు వందల రెట్లు మందమున్న గోడని దాటాలి. పైగా వైరస్ ఒంటరిగా ఎగిరి రాదు, ద్రవంలో ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు 1992లో వైరస్ అంత సైజు సూక్ష్మ గోళీలను ద్రవంలో కలిపి, వాడకంలో కంటే కఠినమైన పరిస్థితుల్లో కండోమ్‌లను పరీక్షించారు. అన్నిటికన్నా చెడ్డ సందర్భంలో కూడా, కండోమ్ లేకుండా ఉండడం కన్నా ఉండడం పదివేల రెట్లు మేలని తేల్చారు.

ఫ్యాక్టరీలో ఈ పొరని ఊరికే నమ్మి వదలరు. ఒక్కో కండోమ్‌నూ లోహపు కడ్డీకి తొడిగి కరెంటు పెడతారు. సూదిమొన అంత రంధ్రం ఉన్నా కరెంటు అటు దాటి పట్టుబడుతుంది. ప్రతి బ్యాచ్ నుంచీ కొన్నిటిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి వేలాడదీసి కారుతుందేమో చూస్తారు. గాలి ఊది పగిలేదాకా పరీక్షిస్తారు. మన దేశంలో ప్రభుత్వ నిరోధ్ 1968లో వచ్చింది. అప్పట్లో మూడు కలిపి పదిహేను పైసలు. టీపొడి అమ్మే కంపెనీల బండ్ల మీదే పల్లెటూరి కిరాణా కొట్టుకి చేరింది. 1969లో తిరువనంతపురం పేరూర్కడలో హిందుస్తాన్ లేటెక్స్ తయారీ మొదలుపెట్టింది. అప్పుడు దాని పని గర్భం రాకుండా చూడడమే. పదిహేడేళ్ల తర్వాత, దేశంలో హెచ్ఐవీ బయటపడ్డాక, దానికి ఇంకో పని పడింది.

ఈ పొరకి ఒక శత్రువు ఉంది, మన ఇంట్లోనే ఉంది. నూనె. 1989లో జరిగిన ప్రయోగంలో ఖనిజ నూనె తగిలిన ఒక్క నిమిషానికే లేటెక్స్ కండోమ్ బలంలో తొంభై శాతం దాకా పోయింది. కొబ్బరినూనె అయినా అంతే అని తెలుసుకోవాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్టు లేని పెరడు ఉండదు, కొబ్బరినూనె సీసా లేని ఇల్లు ఉండదు. జారుడు కోసం చాలామంది అదే రాస్తారు. రాశాక అది "ఊరికే చినిగిపోయింది" అంటారు. రాయాలంటే నీటితో తయారైన జెల్లీ రాయాలి. రెండో శత్రువు వేడి. లారీ క్యాబిన్‌లో డాష్‌బోర్డు మీద, ప్యాంటు వెనక జేబు పర్సులో నెలల తరబడి నలిగిన ప్యాకెట్టు బయటికి బాగానే కనిపిస్తుంది. లోపల రబ్బరు పెళుసుబారి ఉంటుంది. తేదీ చూడాలి, ప్యాకెట్టు నొక్కితే గాలి బుడగ తగలాలి, పళ్లతో చింపకూడదు. పెళ్లయిన మగవాళ్లకి కూడా ఇది ఎవరూ చెప్పరు.

ఇక జ్వరం. హెచ్ఐవీ సోకినవాళ్లలో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు వస్తాయి. ఇది నిజమే. అందుకే మన కుర్రాడు ఫోన్‌లో ఇదంతా చదివి వణికిపోయాడు. అతనికి జ్వరం వచ్చింది పంతొమ్మిదో రోజున. కానీ జనవరి చలిలో రాత్రి పూట బస్సులో ప్రయాణం చేసి వచ్చినవాడికి జలుబు జ్వరం రావడానికి వైరస్సులు చాలానే ఉన్నాయి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ తిరిగే జిల్లాలివి. జ్వరాన్ని చూసి హెచ్ఐవీ ఉందనీ చెప్పలేం, జ్వరం రాలేదని లేదనీ చెప్పలేం. లక్షణాల్ని నమ్మి రోజూ అద్దంలో నాలుక చూసుకోవడం వల్ల మనిషి బరువు తగ్గుతాడు. తగ్గిన బరువు చూసుకుని ఇంకా భయపడతాడు. కౌన్సెలర్లు రోజూ చూసే సంగతే ఇది.

పరీక్షే చెప్పాలి. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలి కొన మీద పొడిచి చుక్క రక్తంతో చేస్తారు, అక్కడ తేడా కనిపిస్తే పెద్ద కేంద్రానికి పంపుతారు. చిన్న ప్లాస్టిక్ బిళ్ల, దానిలో తెల్లటి కాగితపు పట్టీ. ఒక గుంటలో రక్తమో సీరమో వేసి, రెండు చుక్కల ద్రావణం పోస్తారు. తడి పట్టీ మీద పాకుతూ పోతుంది. కాసేపటికి ఒక ఎర్రటి గీత తేలుతుంది. అది కిట్ సరిగ్గా పనిచేసిందని చెప్పే గీత. రెండోది తేలితే రియాక్టివ్, తేలకపోతే నాన్ రియాక్టివ్.

ఆ గీత తేలేది వైరస్‌ను చూసి కాదు. వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూసి. అవి తయారవడానికి టైము పడుతుంది. ఆకుమడిలో గింజ చల్లిన మర్నాడు వెళ్లి మొలక లేదు కాబట్టి గింజే పడలేదు అని ఎవరూ అనరు కదా. ఈ ఎదురుచూపు కాలాన్నే విండో పీరియడ్ అంటారు. వేలి రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షకు ఇది 23 నుంచి 90 రోజులు. వైరస్‌లోని పి24 అనే ముక్కను, యాంటీబాడీలను కలిపి వెతికే ల్యాబ్ పరీక్షకు 18 నుంచి 45 రోజులు. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో పట్టుకుంటుంది. "ఆరు నెలలు ఆగాలంట" అని పాత పుస్తకాలు చదివినవాళ్లు చెబుతారు. 1985లో అమెరికాలో మొదటి పరీక్షకు అనుమతి వచ్చిన కాలపు కిట్లు ఇప్పటి కిట్లంత చురుకైనవి కావు. ఆ జాగ్రత్త నాటి మాట.

ఇప్పుడు కౌన్సెలర్ క్యాలెండరు చూద్దాం. డిసెంబరు 24 నుంచి జనవరి 17 అంటే 24 రోజులు. ఈ రోజు వచ్చే నాన్ రియాక్టివ్ మంచి కబురే, కానీ పూర్తి కబురు కాదు. ల్యాబ్ పరీక్ష దొరికితే ఫిబ్రవరి 7కి 45 రోజులు నిండుతాయి. యాంటీబాడీ పరీక్షకి మార్చి 24కి 90 రోజులు. ఆ రోజు నాన్ రియాక్టివ్ వస్తే, మధ్యలో కొత్తగా ఏమీ జరగకపోతే, ఆ రాత్రి సంగతి ముగిసినట్టే. ఆ తర్వాత ప్రతి పండక్కీ వచ్చి మళ్లీ పరీక్ష చేయించుకోనక్కర్లేదు. ఈలోగా రెండు పనులు. సంభోగంలో కండోమ్ మానకూడదు. రక్తదానం చేయకూడదు. బ్లడ్ బ్యాంకులో ఎలాగూ ఉచితంగా పరీక్ష చేస్తారు కదా అని రక్తం ఇచ్చి చూసుకునేవాళ్లున్నారు. విండో పీరియడ్‌లో ఇచ్చిన రక్తం పరీక్షకి దొరక్కుండా, రక్తం అవసరమైన ఏ బాలింతకో ఎక్కవచ్చు. పదివేలలో 9,250 అన్న సంఖ్య గుర్తుందా?

రెండో గీత తేలితే? అప్పుడూ వెంటనే తీర్పు లేదు. వెయ్యిమందికి పరీక్ష చేశామనుకుందాం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.67 శాతానికి హెచ్ఐవీ ఉంది. దేశ సగటు 0.21. అంటే మన వెయ్యిమందిలో ఉన్నది సుమారు ఏడుగురికి. కిట్ వెయ్యికి ఐదుసార్లు పొరబడి లేనివాళ్లకి గీత చూపిస్తుందనుకుంటే, రియాక్టివ్ వచ్చిన పన్నెండుమందిలో ఐదుగురికి అసలు వైరస్సే లేదు. ఒక్క కిట్‌ని నమ్మితే ఆ ఐదు ఇళ్లు కూలిపోతాయి. అందుకే మన దేశంలో వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు కిట్లతో వరసగా చూసి, మూడింటిలోనూ రియాక్టివ్ అయితేనే హెచ్ఐవీ ఉందని రాసిస్తారు. మందుల షాపులో కొన్న ఒక్క కిట్ చూసుకుని ఎవరూ ఏ నిర్ణయానికీ రాకూడదు.

కండోమ్ చినిగిపోయినవాడి సంగతి వేరు. అతనికి క్యాలెండరు కాదు, గడియారం కావాలి. వైరస్ ఒంట్లో నాటుకోకుండా ఆపే మందులున్నాయి. టెనోఫొవిర్, లామివుడిన్, డొల్యుటెగ్రవిర్ కలిపి రోజూ వేసుకోవాలి, 28 రోజులు మానకుండా. మొదటి మోతాదు 72 గంటల లోపు పడాలి, మొదటి గంటల్లో పడితే ఇంకా మేలు. నాలుగో రోజు వెళితే లాభం లేదు. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. మందు అవసరమా కాదా డాక్టరు చూసి చెబుతారు. రాత్రి పూట అయితే తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీలో అడగాలి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు. నిరోధ్ చినగనివాడికి ఈ మందు అక్కర్లేదు. భయం తగ్గడానికి మాత్ర వేసుకోవడం మంచి పద్ధతి కాదు.

ఇంత రాశాక నా మనసులో ఉన్నది చెప్పాలి. కండోమ్ వాడి, నిద్రపోలేక, బస్సెక్కి వచ్చిన ఈ కుర్రాడి గురించి నాకు అంత దిగులు లేదు. అతను రెండు పనులు సరిగ్గానే చేశాడు. దిగులు పరీక్ష గురించి ఎన్నడూ ఆలోచించని వాళ్ల గురించి. రెండు దశాబ్దాల కిందట ఎయిడ్స్ ప్రచారంలో మన రోడ్ల పక్కన "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద పెద్ద హోర్డింగులు వెలిశాయి. రాష్ట్రమంతా ఆ ప్రశ్న వేసుకుంది. పులిరాజా భార్య సంగతి అడిగినవాళ్లు తక్కువ. ఈ తీరం నుంచి మగవాళ్లు వెరావల్, చెన్నై, హైదరాబాద్, పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి నెలలకు నెలలు ఉండిపోతారు. వలస పోవడం తప్పు కాదు, పొట్టకోసం పోతారు. కానీ ఆ నెలల్లో నిరోధ్ లేకుండా గడిచిన రాత్రి ఏదైనా ఉంటే అది ఇంటికొచ్చేది భార్య దగ్గరికే, ఇంట్లో కండోమ్ మాట ఎత్తలేని చోటికే. విజయనగరం ఘోషాసుపత్రిలోనో ఊరి పీహెచ్‌సీలోనో తొలి కాన్పు పరీక్షల్లో తనకు వైరస్ ఉందని మొదటిసారి తెలుసుకునే స్త్రీ తన జీవితంలో చేసిన ప్రమాదకరమైన పని పెళ్లి చేసుకోవడం మాత్రమే. అప్పుడైనా తెలిస్తే బిడ్డను కాపాడవచ్చు. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం నూటికి 15 నుంచి 45. తల్లి మందులు సరిగ్గా వాడితే ఐదు లోపుకి దించవచ్చు.

దేశంలో మొదట హెచ్ఐవీ బయటపడిందీ స్త్రీలలోనే, 1986లో మద్రాసులో. డాక్టర్ సునీతి సోలొమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే యువ పరిశోధకురాలు సెక్స్‌వర్కర్లుగా నిర్బంధంలో ఉన్న స్త్రీల రక్త నమూనాలు సేకరించి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళితే ఆరుగురికి ఉందని తేలింది. ఆ రోజుల్లో చెప్పడానికి మందు లేదు. తర్వాత చాలా ఏళ్లు మన జిల్లాల నుంచి కూడా జనం చెన్నై దగ్గరి తాంబరం ఆసుపత్రికి రైలెక్కేవారు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి పరీక్షలో తేలగానే మందు మొదలుపెడుతున్నారు. సోలొమన్ స్థాపించిన చెన్నై కేంద్రం కూడా పాలుపంచుకున్న అంతర్జాతీయ అధ్యయనం 1,763 జంటలను చూసి, తొందరగా మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో చెప్పింది. తర్వాత ఐరోపాలో, మందులతో రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి దిగినవాళ్ల జంటలు కండోమ్ లేకుండా 58,000 సార్లు కలిసినా వాళ్ల నుంచి భాగస్వామికి ఒక్కటీ సోకలేదని తేలింది. మందు వేసుకుంటున్న మనిషి కంటే పరీక్ష చేయించుకోని మనిషి నుంచే ప్రమాదం.

పరీక్షకు వెళ్లినవాడి పేరు బయటికి వస్తుందన్న భయం చిన్నది కాదు. మన ఊళ్లలో ఆసుపత్రి వరండాలో మేనమామ కనిపించడం మామూలే. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, హెచ్ఐవీ ఉందని ఉద్యోగంలోంచీ బడిలోంచీ తీసేయకూడదు. చట్టం ఉందని తెలిస్తేనే అడగగలుగుతాం.

కౌన్సెలర్ చీటీ మీద రెండు తేదీలు రాసిచ్చింది, ఫిబ్రవరి 7, మార్చి 24. సిఫిలిస్ పరీక్ష కూడా ఈ రోజే చేస్తానంది. చర్మం చర్మం తగిలే జబ్బుల్ని కండోమ్ పూర్తిగా ఆపదని చెప్పింది. పుండు గానీ కురుపు గానీ కనిపిస్తే పక్క గదిలోని సుఖవ్యాధుల సురక్ష క్లినిక్‌కి రమ్మంది. హెపటైటిస్-బి టీకా గురించి అడిగింది, వేయించుకోలేదన్నాడు, అదీ రాసింది.

అతను లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"మేడమ్, ఆవిడకి... ఆవిడ కూడా పరీక్ష సేయించుకోవచ్చాండి?"

"ఎందుకు చేయించుకోకూడదు? ఏ ఐసీటీసీకైనా వెళ్లమను. విశాఖలో కేజీహెచ్ ఉంది. డబ్బులక్కర్లేదు."

అతను చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఇందాక ఆమె చెప్పిన హెల్ప్‌లైన్ నంబరు ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. 1097.